మందు ఎక్కించడం ఒక ఎత్తు, గ్యాస్ వదలడం ఒక ఎత్తు

అందరికీ నమస్కారం. ఎక్కువమంది కెమిస్ట్రీ విద్యార్థులే కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఒంట్లో కొన్నాళ్లుండి కరిగిపోయే ఇంప్లాంట్లు, కంపోస్టులో కుళ్లే ప్యాకింగ్ ఫిల్ములు మీకు తెలిసినవే. ఇక్కడో మాట చెప్పాలి. పీఎల్ఏ అనే పాలిలాక్టిక్ ఆమ్లాన్ని పెరట్లో పారేస్తే అది అంత తేలిగ్గా మట్టిలో కలవదు, దానికి 58 డిగ్రీల వరకూ వేడెక్కే పెద్ద కంపోస్టు యూనిట్లు కావాలి. ఇలాంటి పాలిమర్లలోకి, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థాల్లోకి, మందునో, సూక్ష్మజీవుల్ని అడ్డుకునే పదార్థాన్నో ఎక్కించడం ఎలా అన్నదే ఈ రోజు విషయం.

కరిగించి కలుపుదామంటే పీఎల్ఏ 150 డిగ్రీలు దాటితేగానీ కరగదు. మనం ఎక్కించాలనుకునేది, ఉదాహరణకు వాముకు ఆ ఘాటునిచ్చి సూక్ష్మజీవుల్ని అడ్డుకునే థైమాల్, 50 డిగ్రీలకే కరుగుతుంది, ఆ వేడిలో చాలా భాగం ఆవిరైపోతుంది. పోనీ డైక్లోరోమీథేన్ లాంటి ద్రావణిలో కలుపుదామంటే, చివర్లో అది పూర్తిగా పోదు. మందుల్లో అది 600 పీపీఎం (పది లక్షల భాగాల్లో 600) మించకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ కొసరును వదిలించడానికే బోలెడు శ్రమ, ఖర్చు.

ఈ రెండు ఇబ్బందుల్నీ తప్పించే దారి సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్. 31 డిగ్రీలు, సుమారు 74 బార్ల పీడనం (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనం) దాటితే ఈ వాయువుకు ద్రవమని, వాయువని తేడా ఉండదు. మందపాటి నీలమణి గాజు కిటికీ ఉన్న పాత్రలో దీన్ని కంటితో చూడొచ్చు. ద్రవానికీ ఆవిరికీ మధ్య ఉన్న గీత పలచబడుతుంది, క్షణంపాటు అంతా పొగచూరినట్టవుతుంది, తర్వాత తేటపడుతుంది. గీత ఇక కనబడదు. ఈ హద్దును బెల్‌ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్ కొలిచి 1869లో వివరించాడు.

40 డిగ్రీలు, 200 బార్ల దగ్గర దీని సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 840 కిలోలు. అంటే సాంద్రత ద్రవానిది, చొరబడే గుణం వాయువుది. పీఎల్ఏ గొలుసుల్లోని కార్బొనిల్ గుంపుల (కార్బన్-ఆక్సిజన్ జంటల) దగ్గర కార్బన్ డయాక్సైడ్ అణువులు చేరగానే గొలుసులు సడలుతాయి. మామూలుగా 60 డిగ్రీల దగ్గర మెత్తబడే ప్లాస్టిక్ 40 డిగ్రీలకే ఉబ్బి మెత్తబడుతుంది. కార్బన్ డయాక్సైడ్‌లో కరిగి ఉన్న థైమాల్ ఆ సందుల్లోకి దూరుతుంది. అయితే గొలుసులు చిక్కుబడి ఉన్న చోట్లకే. క్రమంగా పేర్చుకున్న స్ఫటిక భాగాల్లోకి దాదాపు ప్రవేశం లేదు.

ఎంత బాగా కరిగితే అంత ఎక్కువ ఎక్కుతుందని మీకు అనిపించవచ్చు. అలా కాదు. ఎక్కించే పదార్థానికి కార్బన్ డయాక్సైడ్ మీదే మక్కువ ఎక్కువైతే, వాయువు వెళ్లేటప్పుడు దానితోపాటే వెళ్లిపోతుంది. అవసరమైనంత కరగాలి, ఆ పైన పాలిమర్‌నే కోరుకోవాలి.

నా దృష్టిలో అసలు పనితనం పీడనం దింపడంలో ఉంది. గబుక్కున దింపితే గోళీ సోడా కొట్టినట్టే: లోపలి వాయువు బుడగలై పొంగి, గట్టి బిళ్ల స్పాంజి అవుతుంది. ఫిల్ముకు అది నష్టం, కణజాలం పెంచే చట్రానికి వరం. 1996లో అమెరికాలో డేవిడ్ మూనీ బృందం పీఎల్ఏకి దగ్గరి చుట్టమైన పీఎల్‌జీఏ అనే పాలిమర్ బిళ్లలను 55 బార్ల కార్బన్ డయాక్సైడ్‌లో నానబెట్టి, ఒక్క చుక్క ద్రావణి లేకుండా 93 శాతం వరకూ ఖాళీలున్న స్పాంజి చేసింది. అది సూపర్‌క్రిటికల్ పీడనం కూడా కాదు. అందుకే ఏ ప్రయోగం గురించి చదివినా పీడనం ఎంత వేగంగా దింపారో ముందు చూడండి.

ప్రోటీన్లతో చిక్కు వేరు, అవి ఇందులో కరగవు. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ హౌడిల్ బృందం దీన్ని తిరగేసి ఆలోచించింది. ప్రోటీన్‌ను కరిగించే బదులు, కార్బన్ డయాక్సైడ్‌తో పాలిమర్‌నే జారుగా చేసి, ఎంజైమ్ (ఒంట్లో రసాయన చర్యల్ని నడిపే ప్రోటీన్) పొడిని అందులో కలిపింది. వేడి తగలలేదు కాబట్టి ఎంజైమ్ చురుకుదనం నిలిచింది.

అడ్డంకి ఖర్చే. మందమైన ఉక్కు పాత్రలు, అధిక పీడన పంపులు కావాలి, సరుకు విడతలవారీగానే తయారవుతుంది. పైసల్లో లెక్కేసే ప్యాకింగ్ కవరుకు ఇది ఇప్పట్లో గిట్టదనే నా అభిప్రాయం. ఇంప్లాంట్ల సంగతి వేరు. నెదర్లాండ్స్‌లోని డైకూ సంస్థ ఇదే సూత్రంతో పాలిస్టర్ బట్టకు నీళ్లు లేకుండా రంగెక్కించే యంత్రాలను ఫ్యాక్టరీలకు అమ్మింది కూడా. ఇంప్లాంట్లకు అంత పెద్ద పాత్ర అక్కర్లేదు; శుభ్రత నిబంధనలు మాత్రం అంతకంటే చాలా కఠినం.