గుండె ఆగినప్పుడు అంబులెన్సు వచ్చేదాకా, వచ్చాక: ఫోన్-ఇన్ నుంచి కొంత భాగం

యాంకర్: తర్వాతి కాలర్, చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం డాక్టర్ గారూ. మా బావగారి సంగతండీ. కుర్చీలోంచి లేస్తూనే పడిపోయారు. గుర్రుగుర్రుమని ఊపిరి తీస్తుంటే మగతేమో అనుకున్నాం. అంబులెన్సు వాళ్లొచ్చి, సోఫా పక్కకి లాగేసి, అక్కడే ఛాతీ నొక్కుతూ కూర్చున్నారండీ. అరగంట! ఆస్పత్రికి తీసుకెళ్లండయ్యా అని అన్నయ్య అరుస్తున్నా వినలేదు. ఆయన దక్కలేదు. తీసుకెళ్లి ఉంటే...

డాక్టర్: అమ్మా, వాళ్లు చేసింది సరైన పనే. మెట్లు దింపేటప్పుడు చేతులు ఆగిపోతాయి, కదిలే బండిలో నొక్కుడు కుదురుగా పడదు. చేతులు ఆగితే మెదడుకి రక్తం ఆగినట్టే. గుండెకి కరెంటు షాక్ ఇచ్చే మిషను, ఆక్సిజన్, మందు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఆస్పత్రిలో అయినా ముందు చేసేది అదే.

కాలర్: మరి ఆ గురక? ఊపిరి ఆడుతున్నట్టే కదండీ?

డాక్టర్: కాదు. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామందికి అలా వస్తుంది. పిలిస్తే పలక్కుండా, ఊపిరి కూడా మామూలుగా లేకపోతే, అంబులెన్సుకి ఫోన్ చేసి, దాన్ని స్పీకర్‌లో పెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకి కనీసం 5 సెంటీమీటర్ల లోతు. చేతులు ఆపకూడదు.

కాలర్: అది సరేనండీ, పెద్దాసుపత్రికి వెళ్తే ఏదో ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు కదా?

డాక్టర్: మళ్లీ అక్కడికే వచ్చారు! ఆ ఇంజెక్షన్ అడ్రినలిన్, అంబులెన్సులోనే ఉంటుంది. బ్రిటన్‌లో గుండె ఆగిన 8,000 మందికి పైగా రోగుల మీద దాన్ని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. నెల తర్వాత బతికున్నది మందు ఇచ్చినవాళ్లలో నూటికి 3.2, ఇవ్వనివాళ్లలో 2.4. మెదడు బాగా పనిచేస్తూ బతికినవాళ్ల లెక్కలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంత మందు కూడా, ముందు ఛాతీ నొక్కేవాళ్లు లేకపోతే పెద్దగా పనిచేయదు.

కాలర్: అంటే మేమే...

డాక్టర్: ఆ మాట వద్దమ్మా. ఆ గురక చూసి ఎవరైనా పొరబడతారు. సూది మందు సంగతి కూడా మనసులోంచి తీసేయండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాలర్?

కాలర్: సార్, షాక్ మిషను మాలాంటివాళ్లం వాడొచ్చా?

డాక్టర్: వాడొచ్చు. ఆన్ చేస్తే ఏం చేయాలో అదే చెబుతుంది. అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు. షాక్ అయిన వెంటనే మళ్లీ నొక్కాలి, చేతులు ఆపకూడదు.

యాంకర్: ఇంకో కాలర్.

కాలర్: సార్, నాకు స్టెంట్ వేశారు, నడక ఎంతసేపు...

యాంకర్: అది వేరే టాపిక్ అండీ, సారీ. తర్వాతి కాలర్?

కాలర్: నొక్కితే పక్కటెముకలు విరుగుతాయంటారు?

డాక్టర్: విరగనివ్వండి. అవి అతుక్కుంటాయి.