పదో తరగతి తర్వాత ఆ రెండేళ్లు

(విజయవాడలోని ఒక మహిళా కళాశాల వార్షికోత్సవంలో, 2025 మార్చిలో, ఫిజికల్ డైరెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ మేడం గారికి, తోటి అధ్యాపకులకు, ఈ ఎండలో పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు ప్రత్యేకంగా నమస్కారాలు. జిమ్నాస్టిక్స్ జట్టు గురించి మాట్లాడమన్నారు. కప్పులు బల్ల మీదే ఉన్నాయి, మీరు చూస్తూనే ఉన్నారు. నేను ముందు చేతుల గురించి చెప్తాను.

మొదటి వరసలో ఆరుగురు పిల్లలు కూర్చున్నారు. వాళ్లలో ఎవరి చెయ్యి పట్టుకుని చూసినా, వేళ్ల మొదళ్లలో గట్టిగా కాయలు తగులుతాయి. చేతులు కాయలు కాసేలా కష్టపడ్డామని మనం మాటవరసకు అంటాం. వీళ్లకు నిజంగానే కాశాయి. బార్ పట్టుకుని ఊగేటప్పుడు ఒంటి బరువంతా అక్కడే పడుతుంది. కాయ మరీ ఎత్తుగా పెరిగితే బార్‌కు పట్టుకుని చర్మం చీలుతుంది. దాన్ని వీళ్లు 'రిప్' అంటారు. అందుకే స్నానం చేసేటప్పుడు, మనం పాదాలు రుద్దుకునే రాయితో వీళ్లు అరచేతులు రుద్దుకుంటారు. పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకుంటారు. పోటీలకు రెండు రోజుల ముందు ఒకమ్మాయికి రెండు చేతులూ రిప్ అయ్యాయి. పచ్చడి తగిలితే భగ్గుమంటుందని వాళ్లమ్మ ఆ రెండు రోజులూ అన్నం కలిపి నోట్లో పెట్టారు. డిగ్రీ చదివే పిల్లకి. ఆవిడ ఇక్కడే ఉన్నారు. 'ఎందుకమ్మా ఈ ఆట' అని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

ఈ ఏడాది ఫలితాలు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో టీమ్ ఛాంపియన్‌షిప్ మనది. యూనివర్సిటీ జట్టుకు మన పిల్లలు ముగ్గురు ఎంపికై అఖిల భారత పోటీలకు వెళ్లారు. అక్కడ పతకం రాలేదు. చిన్నప్పటి నుంచి పెద్ద పెద్ద జిమ్‌లలో సాధన చేసినవాళ్ల పక్కన మన పిల్లలు నిలబడ్డారు, ఏ ఒక్కరూ ఏ ఐటమూ మధ్యలో వదిలేయలేదు. నాకు అదే గొప్ప.

ఆడపిల్లల ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్‌లో నాలుగు ఐటమ్స్: పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా ఎగిరే వాల్ట్, ఒకటి ఎత్తులో ఒకటి కింద ఉండే రెండు కడ్డీల అన్‌ఈవెన్ బార్స్, సన్నటి దూలం లాంటి బీమ్, నేల మీద చేసే ఫ్లోర్. మిగతా మూడూ చూసేవాళ్లకు ఇట్టే అర్థమవుతాయి. బీమ్ సంగతి మాత్రం దాని మీద ఒకసారి నిలబడితే కానీ తెలియదు. ఐదు మీటర్ల పొడవు, నేల నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తు. వెడల్పు 10 సెంటీమీటర్లు, అంటే నాలుగంగుళాలు, దాదాపు ఒక ఇటుక వెడల్పు. దాని మీద 90 సెకన్ల లోపు నడవాలి, ఎగరాలి, తిరగాలి, పల్టీ కొట్టాలి, చివర్న దూకి కదలకుండా నిలబడాలి. కాలి బొటనవేలు సాగలేదంటే 0.1 తీసేస్తారు. పడితే ఒక పాయింటు పూర్తిగా పోతుంది. పడ్డాక మళ్లీ ఎక్కడానికి 10 సెకన్లు ఇస్తారు.

మన జట్టులో ఒకమ్మాయి కూచిపూడి నేర్చుకుని వచ్చింది. కాలేజీలో చేరేదాకా బీమ్ ఎలా ఉంటుందో కూడా తెలియదు. తరంగం చేసేవాళ్లు ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడతారు కదా, ఆ పాదాలు బీమ్‌కు ఎంత పనికొచ్చాయో నేను కళ్లారా చూశాను. మొదటి రోజు నేల మీద సుద్దముక్కతో గీత గీసి నడవమన్నాను. కిందికి చూడకుండా ఆ చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి నవ్వింది. మిగతా పిల్లలకు నెలలు పట్టిన పని అది. ఎన్నో ఏళ్లు ఆ పిల్లకు నట్టువాంగం చెప్పిన గురువు గారికి ఈ సభ నుంచి నమస్కారం పెడుతున్నాను. ఈ కప్పులో ఆయన వాటా ఉంది.

మిగిలిన ఐదుగురిలో నలుగురు స్కూల్లో జిమ్నాస్టిక్స్ చేసినవాళ్లే. ఆ నలుగురూ పదో తరగతి పరీక్షలతో ఆపేశారు. అందరూ ఒకే చోట ఆపేశారన్నది మీరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను చెప్పదలుచుకున్నది అదొక్కటే. మన విజయవాడ, పక్కనే గుంటూరు, ఇంటర్మీడియట్ చదువుకు పెట్టింది పేరు. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో పిల్లల్ని తెచ్చి ఇక్కడి హాస్టళ్లలో చేరుస్తారు. తెల్లవారుజామున లేస్తే రాత్రి దాకా స్టడీ అవర్స్. 'టెన్త్ అయిపోయిందిగా, ఇక ఆటలు చాలు' అనే మాట ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లలో వినిపిస్తుందో మీకు తెలుసు. మా పిల్లల్లో ఒకమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్ గదిలో గోడకు ఆనుకుని హ్యాండ్‌స్టాండ్ వేస్తుంటే వార్డెన్ ఇంటికి ఫోన్ చేసి 'మీ అమ్మాయి ప్రవర్తన బాగోలేదు' అని చెప్పారట. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. రెండేళ్ల పాటు ఆ పిల్ల తలకిందులుగా నిలబడలేదు.

ఆ రెండేళ్లు ఈ ఆటకు ఎంత ఖరీదో బయటివాళ్లకు తెలియదు. క్రికెట్ ఆడే పిల్లవాడు రెండేళ్లు ఆగి మళ్లీ బ్యాట్ పట్టుకుంటే నెలలో గాడిన పడవచ్చు. జిమ్నాస్టిక్స్ అలా కాదు. పదిహేనేళ్లకు, పదిహేడేళ్లకు మధ్య ఆడపిల్ల ఒళ్లే మారిపోతుంది. ఎత్తు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, నడుం దగ్గర తూకం మారుతుంది. సాధనలో ఉంటే పెరిగే ఒంటితో పాటే బలమూ పెరుగుతుంది. ఆపేస్తే ఒళ్లు ఒక్కటే పెరుగుతుంది.

బార్స్‌లో 'కిప్' అని ఒకటుంది, అది ఓనమాల్లాంటిది. కింది బార్ పట్టుకుని ముందుకు జారి, ఒళ్లంతా చాచి, చాచీ చాచగానే చీలమండలు బార్ దగ్గరికి తెచ్చి, సల్వార్ పైకి లాక్కున్నట్టు బార్‌ను కాళ్ల వెంట నడుం దాకా లాక్కుంటూ చేతుల మీద పైకి లేవాలి. ఒక్క క్షణం తేడా వస్తే పైకి లేవలేరు, కింద వేలాడుతుంటారు. పదో తరగతిలో నిద్రలో లేపి అడిగినా కిప్ వేసిన పిల్ల, డిగ్రీ మొదటి సంవత్సరంలో మా జిమ్‌కు వచ్చి బార్ పట్టుకుంది. లేవలేదు. మళ్లీ పట్టుకుంది. లేవలేదు. ఆ రోజు ఇరవై సార్లు చేసి ఉంటుంది. చివరికి మ్యాట్ మీద కూర్చుని 'మేడం, నా చేతులు నావి కానట్టున్నాయి' అంది. కాయలు కూడా పోయి అరచేతులు మెత్తబడిపోయాయి. ఆ కిప్ తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. వచ్చిన రోజు ఎవరికీ చెప్పకుండా వరసగా మూడు వేసి, కిందికి దిగి, ముఖం కప్పుకుని ఏడ్చింది. ఆ పిల్లే ఈ ఏడాది ఇంటర్ కాలేజియేట్‌లో బార్స్ మీద మనకు ఎక్కువ స్కోరు తెచ్చింది.

కిందటి సెప్టెంబరు 1, ఆదివారం, ఈ ఊళ్లో ఎవరికి గుర్తులేదు? బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచేసింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద. మా జట్టులో ఒకమ్మాయిది సింగ్‌నగరే. కింది ఇల్లంతా మునిగితే, కుటుంబమంతా మేడ మీద పక్కవాళ్ల వాటాలో తలదాచుకున్నారు. ప్రాక్టీసుకు తిరిగొచ్చిన రోజు చూస్తే చేతులు మెత్తబడ్డాయి కానీ భుజాలు మాత్రం గట్టిగా ఉన్నాయి. 'ఇన్ని రోజులూ ఏం చేశావే?' అని అడిగాను. 'ట్యాంకు గోడకు ఆనుకుని హ్యాండ్‌స్టాండ్ వేస్తూ ఉన్నాను మేడం. కింద నీళ్లు చూడబుద్ధి కాలేదు' అంది. పిల్ల ఆటకు వేసుకునే ఒంటికి అతుక్కునే డ్రెస్, లియోటార్డ్, బురదలో పాడైపోయింది. తోటి పిల్ల తనది ఇచ్చేసింది. నేను చెప్పి ఇప్పించలేదు, నాకు తర్వాత తెలిసింది.

ఇంటర్ కాలేజియేట్‌లో ఆఖరి వంతులో మనకు బీమ్ పడింది. ఆఖరిగా ఎక్కాల్సింది ఈ సింగ్‌నగర్ అమ్మాయే. రెండో విన్యాసంలోనే జారి పడింది. హాలంతా 'అయ్యో' అంది. నాకు టెన్షన్‌తో గొంతు ఆరిపోయింది. ఆ అమ్మాయి లేచి, అరికాళ్లు ఒకదానితో ఒకటి తుడుచుకుని, బీమ్ మీద రెండు చేతులూ ఆనించి ఒక్క ఊపిరి పీల్చుకుంది. పది సెకన్లలో ఎనిమిది అయ్యాయనుకుంటాను, పైకెక్కింది. మిగతాదంతా ఎక్కడా ఆగకుండా చేసి దూకి, పాదాలు కదలకుండా నిలబడింది. మనకు, రెండో స్థానం వచ్చిన జట్టుకు మధ్య తేడా ఒక్క పాయింటు కూడా లేదు. తొమ్మిదో సెకనులో మనసు మార్చుకుని దిగిపోయి ఉంటే ఈ కప్పు ఈ బల్ల మీద ఉండేది కాదు.

పడటం మేము నేర్పిస్తాం. వినడానికి వింతగా ఉండొచ్చు కానీ మొదటి పాఠం అదే. వెనక్కి పడేటప్పుడు ఎవరైనా చేతులు వెనక్కి ఆనిస్తారు, మోచెయ్యి అక్కడే విరుగుతుంది. చేతులు గుండెకు దగ్గరగా ముడుచుకుని, గడ్డం కిందికి దించి, వీపు గుండ్రంగా చేసి దొర్లాలి. దెబ్బలు తగులుతాయేమోనని భయపడే తల్లులు ఒక ఉదయం వచ్చి ఈ పాఠం చూడండి.

డ్రెస్ గురించి కూడా చాలామంది తల్లులు అడగలేక అడుగుతారు. అమ్మా, కాళ్లు పూర్తిగా కప్పే సూట్‌కు ఈ ఆట నియమాలు ఒప్పుకుంటాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ అమ్మాయిలు చీలమండల దాకా ఉన్న సూట్‌లే వేసుకుని దిగారు. మన జట్టులోనూ ఇద్దరు అవే వేసుకున్నారు. దానికి ఎవరూ పాయింట్లు తీసేయలేదు. ఇంకో మాట. మా జట్టులో ఒకమ్మాయిని ఇంటి పక్కవాళ్లు 'దొమ్మరాట నేర్చుకుంటోంది' అని ఎగతాళి చేశారు. ఆ మాటను తిట్టులా వాడటం నాకు చాలా బాధ. నా చిన్నప్పుడు మా ఊరి కూడలిలో ఒకావిడ గడ చివర పొట్ట ఆనించి గిరగిరా తిరగడం చూశాను. కింద మ్యాట్ లేదు, పాయింట్లు లేవు, ఆ నైపుణ్యానికి పిడికెడు బియ్యం పెట్టి పంపించాం. నాకు ఈ ఆట మీద మొదటిసారి మనసు పడింది ఆవిడను చూసే.

చదువు మానమని నేను అనడం లేదు. అగర్తలా అమ్మాయి దీపా కర్మాకర్ మొదట్లో పాత స్కూటర్ విడిభాగాలతో చేసిన పరికరం మీద వాల్ట్ నేర్చుకుంది. 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లింది, ఈ ఆటలో ఒలింపిక్స్ దాకా వెళ్లిన మొదటి భారతీయ మహిళ ఆమే. వాల్ట్ ఫైనల్లో 15.066 స్కోరుతో నాలుగో స్థానం. కంచు పతకానికి 0.15 తేడా. రియో నుంచి ఇంటికి రాగానే ఎం.ఎ. పరీక్ష రాసింది. మన తెలుగమ్మాయి, హైదరాబాద్ బుడ్డా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం తెచ్చింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో వ్యక్తిగత పతకం గెలిచిన మొదటి భారతీయురాలు. వీళ్లు పదిహేనేళ్లకే ఆపేసి ఉంటే మనకు ఈ పేర్లు తెలిసేవి కావు.

ఏప్రిల్‌లో పదో తరగతి ఫలితాలు వస్తాయి. ఎంపీసీనా, బైపీసీనా, ఏ కాలేజీలో చేర్పించాలి అని ఇళ్లలో చర్చలు మొదలవుతాయి. అప్పుడు మీ చెల్లెలి కూతురో, పక్కింటి అమ్మాయో జిమ్నాస్టిక్స్ చేస్తుంటే పూర్తిగా ఆపేయనివ్వకండి. పోటీలకు పంపమని అడగను. వారానికి మూడు రోజులు, రోజుకు ఒక గంట. బార్‌కు వేలాడటం, హ్యాండ్‌స్టాండ్, కాళ్లు చెరోవైపు చాచి కూర్చునే స్ప్లిట్స్, ఇవి చాలు. ఆ చేతులకు కాయలు పోకుండా ఉంటే మిగతాది డిగ్రీలో మేము చూసుకుంటాం.

మన కాలేజీ పిల్లలే కానక్కర్లేదు. ఉదయం ఆరు నుంచి ఏడు దాకా ఇంటర్ చదివే బయటి పిల్లల్ని కూడా మా జిమ్‌కు రానివ్వడానికి ప్రిన్సిపాల్ మేడం గారు ఒప్పుకున్నారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. వెనక గేటు నుంచి రండి. నేను రావడం కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు, తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, ఈ ఆరుగురిలో ఎవరో ఒకరు అప్పటికే లోపల ఉంటారు.