నడుము పట్టేస్తే చేతి వైద్యం ఎంతవరకు?

శ్రోతలకు నమస్కారం.

బిందె ఎత్తబోతే నడుములో కలుక్కుమంది, ఇక లేవలేకపోయాను అనే మాట ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినపడేదే. వెంటనే ఒకరు నువ్వుల నూనె కాచి తెస్తారు. ఒకరు ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించమంటారు. ఇంకొకరు సెలూన్‌కి వెళ్ళి విరిపించుకుంటే సర్దుకుంటుందంటారు. ఈమధ్య కొన్ని క్లినిక్‌ల బోర్డుల మీద ఫిజియోథెరపీ పక్కన కైరోప్రాక్టిక్, అంటే వెన్నును చేత్తో సర్దే వైద్యం, అన్న మాట కూడా కనిపిస్తోంది. వీటిలో ఏది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగాలో చెప్పుకుందాం.

కైరోప్రాక్టిక్ పుట్టింది అమెరికాలో. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ ఊళ్ళో డి.డి. పామర్ మొదలుపెట్టారు. వెన్నుపూసలు చోటు తప్పడం వల్లే దాదాపు రోగాలన్నీ వస్తాయని ఆయన నమ్మారు. ఆ నమ్మకం నిలబడలేదు. నడుము నొప్పి విషయంలో మాత్రం ఆ చేతిపనికి కొంత విలువ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామంతో పాటు మర్దనాను, వెన్నును చేత్తో సర్దడాన్ని కూడా చేర్చింది. మనవాళ్ళు ఎక్కువగా నమ్ముకునే నడుం బెల్టులు, బరువులు కట్టి నడుమును లాగే ట్రాక్షన్ మాత్రం మామూలుగా వాడవద్దంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు వెళ్ళే కైరోప్రాక్టర్‌కు ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉంటుంది. మన దేశంలో ఈ వైద్యానికి ప్రత్యేకంగా కౌన్సిల్ లేదు. అందుకే ఇక్కడ బోర్డు చూసి లోపలికి వెళ్ళిపోకుండా, చెయ్యి వేసే మనిషి ఏం చదివారో అడగండి. ఫిజియోథెరపిస్టు అయితే బీపీటీ, ఎంపీటీ లాంటి డిగ్రీ ఉంటుంది.

మంచి క్లినిక్ అని ఎలా తెలుస్తుంది? చెయ్యి వేసే ముందు వాళ్ళు ఏం చేస్తారో చూడండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, కాల్లోకి దిగుతోందా, తిమ్మిరి ఉందా, జ్వరం వచ్చిందా, బరువు తగ్గారా, స్టెరాయిడ్లు గానీ రక్తం పలచబడే మందులు గానీ వాడుతున్నారా, ఇవన్నీ అడగాలి. మునివేళ్ళ మీద, తర్వాత మడమల మీద నడిపించి చూడాలి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఒక్కో కాలూ పైకి ఎత్తాలి. కాలు సగం లేచేలోపే పిర్ర నుంచి పిక్క దాకా కరెంటు పాకినట్టు నొప్పి వస్తే నరం నలుగుతోందని అనుమానించాలి. ఇవేవీ లేకుండా నేరుగా బల్ల ఎక్కమంటే మర్యాదగా లేచి వచ్చేయండి.

నడుము సర్దే పద్ధతి ఇలా ఉంటుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెడతారు. కింది కాలు చాపి ఉంటుంది. పై కాలు మోకాలి దగ్గర వంచి, పాదాన్ని కింది మోకాలి వెనక ఆనిస్తారు. పై భుజాన్ని మెల్లగా వెనక్కి, తుంటిని ముందుకి తెస్తారు. ఇక కదలదు అన్నచోట ఆగి, అక్కడ రెప్పపాటులో చిన్న ఒత్తు ఇస్తారు. బలం కంటే వేగం ముఖ్యం, దూరం చాలా తక్కువ. అప్పుడే టక్కుమని చప్పుడు వస్తుంది. అది పూస తిరిగి చోట్లోకి వచ్చిన చప్పుడని చాలామంది అనుకుంటారు. కాదు, అది మెటిక విరుపే. కీలులో ఉండే జిగురు నీటిలో ఒత్తిడి తగ్గి గాలి బుడగ ఏర్పడుతుంది. మెటిక విరిచిన వేలునే వెంటనే మళ్ళీ విరిచి చూడండి, చప్పుడు రాదు. సుమారు 20 నిమిషాలు ఆగాలి. చప్పుడు రాకపోయినా ఉపశమనం రావచ్చు. బిగుసుకున్న కండరం కాస్త వదులై కొన్ని గంటలో రోజులో హాయిగా ఉంటుంది. ఆ వ్యవధిలో నడవాలి, వ్యాయామం చెయ్యాలి. ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులుగా ఉండటం మామూలే.

మర్దనా ఇంట్లోనూ చేసుకోవచ్చు. బోర్లా పడుకుని పొట్ట కింద ఒక పల్చని దిండు, చీలమండల కింద ఇంకొకటి పెట్టుకోవాలి. నూనె గోరువెచ్చగా ఉంటే చాలు. రెండు చెంచాలతో నడుమంతా సరిపోతుంది. వెన్నెముక మీద నొక్కకూడదు. దానికి రెండు పక్కలా తాళ్ళలా తగిలే కండరాల మీద మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో కింది నుంచి పైకి రాయాలి. నొప్పి ఉన్నచోట బొటనవేలు మెల్లగా దింపి అర నిమిషం ఆగాలి. కింద పడుకున్నవాళ్ళు ఊపిరి బిగబట్టారంటే ఒత్తిడి ఎక్కువైనట్టే. పదిహేను ఇరవై నిమిషాలు చాలు. కమిలేదాకా నొక్కితే మర్నాటికి మరింత బిగుసుకుంటుంది. ఒక కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని అసలు రుద్దకూడదు. లోపల రక్తం గడ్డ కట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. ఎముకలు గుల్లబారినవాళ్ళకు, క్యాన్సర్ వచ్చినవాళ్ళకు డాక్టరుని అడగకుండా వెన్ను విరవకూడదు.

మెడ దగ్గర మాత్రం గట్టిగా చెప్పాలి. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు మెడపూసల పక్కనున్న రంధ్రాల గుండా పైకి వెళ్ళి, మొదటి పూస మీద మెలిక తిరుగుతాయి. తలను ఒక్కసారిగా తిప్పి విరిస్తే, ఎప్పుడో ఒకసారి ఆ ధమని లోపలి పొర చిరుగుతుంది. అక్కడ గడ్డ కడితే పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే జీవితం తలకిందులవుతుంది. సెలూన్ కుర్చీలో ఎంత అలవాటైన మనిషైనా సరే, తల మర్దనా చేయించుకోండి గానీ మెడకు మాత్రం వద్దనండి. విరిపించుకున్నాక కొత్తగా విపరీతమైన మెడ నొప్పి, తల తిరగడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, నడకలో తూలడం, వీటిలో ఏదొచ్చినా గంటలు లెక్కే. 108కి ఫోన్ చెయ్యండి.

అలాగే నడుము నొప్పితో పాటు మూత్రం రాకపోయినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, కాళ్ళు బలం తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మర్దనాలతో కాలం గడపకూడదు.

డబ్బు సంగతి ఒకటి. ఎక్స్‌రే చూపించి పూస జరిగిందనీ, నలభై సిట్టింగులకు ముందే కట్టమనీ అంటే ఒప్పుకోవద్దు. కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే బాగా తగ్గుతుంది. నాలుగైదు సిట్టింగులకు ఏ మార్పూ లేకపోతే పద్ధతి మార్చాలి.

ఈలోగా రెండు రోజులకు మించి మంచానికి అతుక్కోకండి. పూటకు పది నిమిషాలు మెల్లగా నడవండి. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలుంటుంది, దాన్ని ఒక్కరే ఎత్తకండి. పొద్దున వెల్లకిలా ఉన్నచోటి నుంచి ఒక్క ఉదుటున లేవకండి. ముందు మోకాళ్ళు ముడవండి, ఒళ్ళంతా ఒకేసారి పక్కకు దొర్లండి, కాళ్ళు మంచం కిందికి జారవిడిచి, చేత్తో పరుపును నొక్కుతూ కూర్చోండి. ఒక్క క్షణం ఆగి నిలబడండి.

నమస్కారం.