గోడ ఎక్కాడు, గడప తొక్కలేదు: మావో, ఫర్బిడెన్ సిటీ

[తెర మీద: తియానన్మెన్ ద్వారం. ఎర్ర గోడ, నడుమ మావో చిత్రపటం. కెమెరా మెల్లగా పైకి లేస్తే వెనక పసుపు పచ్చ పెంకుల కప్పులు బారులుగా కనిపించాలి.]

బీజింగ్ నుంచి ఏ వార్త వచ్చినా టీవీలో ముందు వేసే బొమ్మ ఇదే. ఆ ద్వారం వెనక ఉన్నది ఫర్బిడెన్ సిటీ, నిషిద్ధ నగరం. 1420లో కట్టడం పూర్తయింది. మింగ్, చింగ్ వంశాల చక్రవర్తులు 24 మంది ఇక్కడి నుంచే ఏలారు. దాదాపు 180 ఎకరాలు. 10 మీటర్ల ఎత్తు గోడ, దాని చుట్టూ 52 మీటర్ల వెడల్పు కందకం.

రాజరికాన్ని కూకటివేళ్లతో పెకలించాలని వచ్చినవాడి బొమ్మ రాజుల వాకిట్లో ఉంది. గెలిచినవాడు తన బొమ్మ పెట్టుకుంటాడు, అందులో వింతేముంది అంటారా? వింత వేరే ఉంది. మావో సేటుంగ్ ఆ కోటకి వీధి అవతలే పాతికేళ్లకు పైగా కాపురం ఉన్నాడు. అయినా అధికారంలోకి వచ్చాక లోపలి సింహాసన మందిరాల గడప ఒక్కసారి కూడా తొక్కలేదని చెబుతారు.

[తెర మీద: పాత బీజింగ్ మ్యాప్. కోట వెనక కొండ, కొండకి తూర్పున సందులు.]

మావో ఈ ఊరికి మొదట వచ్చింది 1918లో. వయసు 24. పెకింగ్ యూనివర్సిటీ లైబ్రరీలో చిన్న ఉద్యోగం, నెలకి 8 యువాన్లు. ఎవరెవరు పేపర్లు చదవడానికి వచ్చారో పేర్లు రాసుకోవాలి. కోట వెనక కొండ పక్క సందులో ఒక గదిలో ఎనిమిది మంది సర్దుకున్నారు. కింద మంట పెట్టి వేడి చేసుకునే ఇటుకల పడక ఒక్కటే. అందరూ ఇరుక్కుని పడుకుంటే ఊపిరాడేది కాదని, పక్కకి తిరగాలంటే అటూ ఇటూ ఉన్నవాళ్లకి ముందే చెప్పి తిరిగేవాడినని తర్వాత ఎడ్గార్ స్నో అనే అమెరికా జర్నలిస్టుకి ఆయనే చెప్పాడు.

అదే సమయానికి, ఆ సందుకి నడిచిపోయేంత దూరంలో, గోడ లోపల చైనా చివరి చక్రవర్తి, 12 ఏళ్ల పూయీ ఉన్నాడు. 1912లోనే గద్దె దిగాడు. కానీ ఒప్పందం ప్రకారం బిరుదు, సేవకులు, అంతఃపురం అన్నీ అలాగే ఉన్నాయి. 1924లో ఒక సేనాని వచ్చి వెళ్లగొట్టేదాకా అక్కడే. మరుసటి ఏడు, 1925 అక్టోబరు 10న, కోటని మ్యూజియం చేశారు. అంటే మావో గెలిచేనాటికే అది ఖాళీ ఇల్లు. అందులో రాజు లేక పాతికేళ్లయింది.

మరి ఖాళీ ఇల్లంటే భయమెందుకు? దీనికి జవాబు 1644లో ఉంది. నా లెక్కలో ఈ కథకి కీలకం ఇదే.

[తెర మీద: కోట వెనక కొండ. మీద ‘1644’ అని అక్షరాలు.]

లీ జిచెంగ్ అని ఒక రైతు తిరుగుబాటు నాయకుడు. కరువు సీమలో పుట్టిన తిరుగుబాటుని పెంచి పెంచి బీజింగ్ దాకా తెచ్చాడు. అతని సైన్యం ఊళ్లోకి దిగేసరికి మింగ్ చక్రవర్తి కోట వెనక కొండెక్కి ఉరి వేసుకున్నాడు. ఇంకేం, గెలిచారు. ఆ తర్వాతే అసలు తంటా. సేనానులు పాత అధికారులని పట్టుకుని వెండి ఎక్కడ దాచారో చెప్పమని చిత్రహింసలు పెట్టారు. క్రమశిక్షణ గాలికి పోయింది. సరిహద్దులో ఉన్న మింగ్ సేనాని మంచూలతో, అంటే చింగ్ వంశం వాళ్లతో, చేతులు కలిపాడు. లీ ఓడిపోయి పరుగున వెనక్కి వచ్చి, కోటలో హడావిడిగా పట్టాభిషేకం చేసుకుని, మర్నాడే నిప్పు పెట్టి పారిపోయాడు. మొత్తం కలిపి ఆరు వారాల వైభవం.

ఈ కథ మావోకి కంఠతా వచ్చు. 1944లో, ఆ ఘటనకి 300 ఏళ్లు నిండినప్పుడు, కువో మోజో అనే రచయిత దీని మీద రాసిన వ్యాసాన్ని పార్టీ వాళ్లంతా చదవాలన్నాడు. 1949 మార్చి 23న షీబైపో అనే పల్లె నుంచి బీజింగ్‌కి బయలుదేరుతూ, రాజధానికి పరీక్ష రాయడానికి వెళ్తున్నామని, లీ జిచెంగ్‌లా మాత్రం కాకూడదని, తర్వాత ప్రధాని అయిన చౌ ఎన్‌లైతో అన్నాడు. గెలిచి ఊళ్లో అడుగు పెట్టబోతూ ఫెయిలవుతామేమోనన్న టెన్షన్‌తో ఉన్న మనిషి మాట అది. అలాంటివాడు ఆ సింహాసనం ముందు నిలబడి ఫొటో దిగుతాడా?

మొదట ఊరికి పడమర, కొండల దగ్గర ఉన్నాడు. తర్వాత జోంగ్‌నాన్‌హాయ్‌కి మారాడు. రాజుల చోటని మొదట వద్దన్నాడంటారు. చివరికి మారాడు. నిజం చెప్పాలంటే అదీ రాజుగారి పెరడే. కోటకి పడమటి పక్కన చెరువులు, తోటలు. మావో ఇల్లు ఉన్న ఫెంగ్‌జె తోటలో ఒకప్పుడు చక్రవర్తి ఏటా నాగలి పట్టి దున్నే తంతు చేసేవాడు. అందులోని ఒక దీవిలోనే 1898లో సంస్కరణలు తలపెట్టిన చక్రవర్తిని సొంత పెద్దమ్మ సిషీ బంధించింది. 1912 తర్వాత అధ్యక్షుడిగా అక్కడ దిగిన యువాన్ షికాయ్ ఏకంగా చక్రవర్తి అవుదామని చూసి అభాసుపాలయ్యాడు. కోటని తప్పించుకున్నాడు సరే, కోట నీడని తప్పించుకోవడం అంత తేలిక కాదు.

1949 అక్టోబరు 1. ప్రజా రిపబ్లిక్ ఏర్పడిందని ప్రకటించాలి. ఎక్కడి నుంచి? తియానన్మెన్ మీది నుంచి. రాజుల కాలంలో ముఖ్యమైన శాసనాలు వెలువడింది కూడా సరిగ్గా అక్కడి నుంచే. శాసనం చదివాక బంగారు పూత పూసిన చెక్క పక్షి ముక్కుకి తగిలించి తాడుతో కిందికి దించేవారు. కింద అధికారి మేఘం ఆకారంలో చెక్కిన పళ్లెంతో అందుకునేవాడు. పక్షి పోయింది, మైకు వచ్చింది. మాట మాత్రం అదే ఎత్తు నుంచి దిగింది. దీన్ని కేవలం యాదృచ్ఛికం అనుకోవడం నావల్ల కాదు. సింహాసనం వద్దనుకున్నాడు కానీ ఆ గోడ ఇచ్చే ఎత్తు మాత్రం కావాలనుకున్నాడు.

[తెర మీద: కోట గోడ పైభాగం. మూలన బురుజు మీద చెక్కతో కట్టిన గోపురం.]

1954 ఏప్రిల్‌లో నాలుగు రోజుల వ్యవధిలో మూడుసార్లు, 18, 20, 21 తేదీల్లో, మావో కోట గోడ ఎక్కి నడిచాడు. గోడ మీది నుంచి చూస్తే ముంగిళ్లు, కప్పులు, మందిరాలు అన్నీ కాళ్ల కిందే. ద్వారాల మీద ఏర్పాటు చేసిన ప్రదర్శనలు చూశాడు. కిందికి దిగి మందిరాల్లోకి వెళ్లలేదు. ఎందుకని అడిగితే రాసి పెట్టిన జవాబు లేదు. ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు.

ఆయన కోటని కాపాడాడా అంటే, అలా అనలేను. లియాంగ్ సిచెంగ్ అనే గొప్ప ఆర్కిటెక్టు, తన సహచరుడు చెన్ జాన్‌షియాంగ్‌తో కలిసి 1950లోనే ఒక ప్లాన్ ఇచ్చాడు. పాత ఊరు జోలికి పోవద్దు, ప్రభుత్వ ఆఫీసులు పడమర కొత్తగా కట్టుకుందాం అని. ఒప్పుకోలేదు. 1952లో తియానన్మెన్‌కి అటూ ఇటూ ఉన్న రెండు ద్వారాలు ఊరేగింపులకి అడ్డమని తీసేశారు. 1950ల్లోనే తియానన్మెన్ ముందున్న చౌకుకి దక్షిణాన ఉన్న జోంగ్‌హువా ద్వారమూ పోయింది. తర్వాత ఊరి చుట్టూ ఉన్న ప్రాకారాలు పోయాయి, వాటి దారిలో మెట్రో వచ్చింది. కోటని కూడా మార్చి కట్టాలన్న మాట 1958లో నగర ప్లాన్ ముసాయిదా దాకా వెళ్లింది. జరగలేదు. ప్రేమతో ఆగిందని నేననుకోను. వేరే పనులు నెత్తిన పడి ఆగింది.

ఇక 1966, సాంస్కృతిక విప్లవం మొదలైన ఏడు. ఆగస్టు 18న తియానన్మెన్ మీద మావో, కింద దాదాపు పది లక్షల మంది, ఎక్కువమంది పిల్లలు. పాతదాన్నంతా పగలగొట్టమన్న పిలుపు ఊరంతా మోగుతోంది. చక్రవర్తుల కోట కంటే పాతదేముంది? చౌ ఎన్‌లై కోట తలుపులు మూయించి సైనికులని కాపలా పెట్టించాడు. రెడ్ గార్డులు, అంటే మావో పిలుపు అందుకున్న విద్యార్థి దళాలు, లోపలికి పోలేక ఉత్తర ద్వారానికి ‘నెత్తురు కన్నీళ్ల కోట’ అని పేరు తగిలించి పోయారు. ముందు ద్వారం మీద నిలబడి విప్లవానికి చెయ్యి ఊపుతున్నది మావో, వెనక తలుపు గడియ పెట్టిస్తున్నది ఆయన ప్రధాని. తలుపులు మళ్లీ తెరిచింది 1971 జులైలో. అదే నెలలో అమెరికా దూతగా కిసింజర్ రహస్యంగా వచ్చి కోట చూశాడు. మరుసటి ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్. విదేశీ అతిథికి చైనా అంటే ఏంటో చూపించాలంటే మళ్లీ ఆ కోటే దిక్కయింది.

మధ్యలో ఒక పిట్టకథ. పూయీని 1959 డిసెంబరులో క్షమించి వదిలేశారు. బీజింగ్ బొటానికల్ గార్డెన్‌లో పనికి పెట్టారు. 1962లో మావో అతన్ని ఇంటికి భోజనానికి పిలిచాడు, తన సొంత రాష్ట్రం హునాన్ పెద్దలు కొందరితో పాటు. ఒకప్పుడు గోడకి అటొకరు, ఇటొకరుగా బతికినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఇద్దరిలో కోట గదులన్నీ తెలిసినవాడు పూయీ ఒక్కడే.

[తెర మీద: బీజింగ్ నడిమి గీత. ఉత్తరం నుంచి దక్షిణానికి గీసిన ఎర్ర లైను.]

1956లో పెద్ద నాయకులంతా తమని దహనం చెయ్యమని ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. సమాధులు కట్టించుకోవడం రాజుల అలవాటు, మనకొద్దు అని. అందులో మావో సంతకమూ ఉంది. 1976 సెప్టెంబరు 9న పోయాక, వారసుడు హువా కువోఫెంగ్ నాయకత్వం దాన్ని పక్కన పెట్టి దేహాన్ని భద్రపరచాలని తీర్మానించింది. నవంబరులో పని మొదలై మే కల్లా స్మారక భవనం లేచింది. చక్రవర్తి సింహాసనం ఏ గీత మీద ఉందో సరిగ్గా ఆ గీత మీదే, ముఖద్వారం ఉత్తరానికి, అంటే కోట వైపుకి. ఆ గీత మీద అంత చోటు దొరకడానికి కారణం, అక్కడ ఉండాల్సిన జోంగ్‌హువా ద్వారాన్ని మావో హయాంలోనే పడగొట్టి ఉండటం.