రొటోరువా వెళ్తున్నారా? గైడు వెంట నడవండి

అందరికీ నమస్కారం.

డిసెంబరు వచ్చేస్తోంది. పిల్లలకి సెలవులు, మీలో చాలామంది ఇళ్ళకి ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తారు. వచ్చిన వారం రోజులకి వాళ్ళు కిటికీ పక్కన కూర్చుని ఖాళీ రోడ్డు చూస్తుంటే మనకే మనసొప్పదు, ఎక్కడికైనా తీసుకెళ్దాం అనుకుంటాం. ఇక్కడ న్యూజిలాండ్‌లో, మన ఆక్లండ్ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో అప్పుడు ముందుగా వచ్చే పేరు వేడినీళ్ళ ఊటల ఊరు రొటోరువా. కారు వేసుకుని మనమే పోదామా, గైడు ఉన్న టూరు తీసుకుందామా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే. కారులో వెళ్ళండి, బస్సులో వెళ్ళండి, అది మీ ఇష్టం, కానీ ఆ పొగలు కక్కే నేల మీద అడుగు పెట్టాక మాత్రం గైడు వెంటే నడవండి. అదీ అక్కడ పుట్టి పెరిగిన గైడు అయితే ఇంకా మంచిది. ఎందుకంటున్నానో ఇవాళ కాస్త వివరంగా చెప్తాను.

ముందు దూరం సంగతి. ఆక్లండ్ నుంచి రొటోరువా దాదాపు 230 కిలోమీటర్లు, వెళ్ళడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. అంటే ఒక్కరోజు ప్రయాణంలో ఆరు గంటలు రోడ్డు మీదే పోతాయి. అందుకని దారిలో మాటమాటా దగ్గర సినిమా సెట్టూ, వైటోమోలో మిణుగురు పురుగుల గుహలూ, మళ్ళీ రొటోరువా, అన్నీ ఒకే రోజులో చూపిస్తామనే టూర్ల జోలికి పెద్దవాళ్ళతో వెళ్ళొద్దని నా సలహా. అలాంటి బస్సు ఒకదాంట్లో మేము వెళ్ళాం, ఏ కంపెనీ అన్నది అనవసరం. గీజర్ దగ్గర, అంటే నేలలోంచి ఉండుండి వేడినీళ్ళు ఎగజిమ్మే ఊట దగ్గర దిగి, టాయిలెట్ లైను దాటుకుని, ఇంకా నాలుగు అడుగులు వేశామో లేదో బస్సు దగ్గరికి రమ్మని పిలుపు. మా అత్తయ్యగారు వెనక్కి తిరిగి చూసుకుంటూనే బస్సెక్కారు. డబ్బు పోయినందుకు కాదు నాకు బాధ, డెబ్బై ఏళ్ళ మనిషి అంత దూరం వచ్చి సరిగ్గా చూడకుండా వెళ్ళినందుకు.

ఊరు ఇంకా రాకముందే వాసన వస్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు, భూమిలోంచి వేడినీళ్ళతో పాటు పైకొస్తుంది. కాసేపటికి వాసన తెలియదు, ముక్కు అలవాటుపడిపోతుంది. కానీ తెలియడం మానేసింది కదా అని గాలిలో లేదనుకోకూడదు. ఇది గాలికన్నా బరువైనది, పల్లపు చోట్లా మూసిన గదుల్లోనూ పేరుకుంటుంది, పేరుకుంటే ప్రాణానికే ప్రమాదం. ఆరుబయట నడిచేటప్పుడు మామూలు మనిషికి భయపడాల్సిన పని లేదు. ఆస్తమా ఉన్నవాళ్ళు మాత్రం ముందే డాక్టరుని అడిగి, ఇన్‌హేలర్ చేతిసంచిలో పెట్టుకుని రావాలి. చంటిపిల్లల స్ట్రోలర్‌ని ఆవిరి గుంటల అంచున నిలబెట్టి ఫోటోలు తీయడం అస్సలు వద్దు.

ఇంకో మాట, ఇది ముఖ్యంగా అమ్మలకి చెప్పండి. ఊళ్ళో కుయిరావు పార్కు అని ఉంది, టికెట్ లేదు, అక్కడ వేడినీళ్ళ తొట్లలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవచ్చు. మా అత్తయ్యగారు హాయిగా అరగంట కూర్చున్నారు, మోకాళ్ళ నొప్పులు తగ్గినట్టుందని సంబరపడ్డారు. తిరుగు ప్రయాణంలో బస్సులో కాళ్ళు తుడుచుకుంటుంటే చూస్తే రెండు కాళ్ళ మట్టెలూ నల్లగా, అక్కడక్కడా నీలం జీరతో, ఇనుప ముక్కల్లా ఉన్నాయి. మట్టెలు నల్లబడటం అశుభమేమోనని ఆవిడ మొహంలో టెన్షన్. పాపం, దారంతా మాట్లాడలేదు. ఏం లేదు, వెండికి ఆ వాయువు తగిలితే పైన సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది, అంతే. ఇంటికొచ్చి టూత్‌పేస్టుతో తోమితే మళ్ళీ తెల్లబడ్డాయి. మీరు ముందే చెప్పి తీసుకెళ్తే ఆ దిగులు ఉండదు. పట్టీలు ఇంట్లోనే పెట్టి రమ్మనండి.

ఇప్పుడు నేల కింద ఏముందో చెప్తాను. రొటోరువా ఊరూ, సరస్సూ, రెండూ ఒక పాత అగ్నిపర్వతం కూలిపోయి ఏర్పడ్డ పెద్ద పల్లంలో ఉన్నాయి. దాదాపు రెండు లక్షల నలభై వేల ఏళ్ళ కిందటి పేలుడు అది. ఈ ప్రాంతాన్నంతా టౌపో అగ్నిపర్వత మండలం అంటారు. వాన నీరు పగుళ్ళలోంచి కిందికి ఇంకి, లోపలి వేడికి కాగి, మళ్ళీ పైకొస్తుంది. మన దగ్గరా ఇలాంటిది కొంచెం ఉంది, మణుగూరు దగ్గర పగిడేరులో బోర్లలోంచి వేడినీళ్ళు పైకి తన్నుకొస్తాయి, అయితే అక్కడ కింద అగ్నిపర్వతం లేదు, రొటోరువా కింద ఉంది.

గీజర్ ఎలా పనిచేస్తుందో పిల్లలకి చెప్తే బాగా వింటారు. సన్నటి గొట్టంలాంటి పగులులో నీళ్ళు నిలబడి ఉంటాయి. అడుగున ఉన్న నీళ్ళు వంద డిగ్రీలు దాటి వేడెక్కినా మరగవు, పైనున్న నీటి బరువు వాటిని నొక్కి పెడుతుంది. అలా వేడెక్కుతూ వేడెక్కుతూ ఎక్కడో ఒకచోట బుడగలు పుట్టి, పైనున్న నీళ్ళు కాస్త పొర్లి బయటికి పోగానే ఆ నొక్కుడు తగ్గుతుంది. తగ్గిన క్షణంలో కింది నీళ్ళన్నీ ఒక్కసారిగా ఆవిరైపోయి, పైనున్నదాన్నంతా ఆకాశంలోకి విసిరేస్తాయి. ఫాకరేవరేవ లోయలోని పోహుటు గీజర్ అలా 30 మీటర్ల ఎత్తుదాకా లేస్తుంది, రోజులో చాలాసార్లు. దాని పక్కనే ఇంకోటి ఉంది, చిన్నది, చాలాసార్లు ముందు అది మొదలవుతుంది, అది మొదలైందంటే పోహుటు కూడా లేవబోతోందని గైడ్లు కనిపెడతారు. మీరొక్కరే వెళ్తే చిన్నదాన్ని చూసి ఇదేనా అనుకుని వచ్చేస్తారు. గైడు పక్కనుంటే "ఆగండి, కదలకండి" అంటారు.

ఊరికి దక్షిణంగా వయోటాపులో లేడీ నాక్స్ అనే గీజర్ కూడా ఉంది. అది రోజూ ఉదయం 10:15కి లేస్తుంది, ఎందుకంటే దాంట్లో సబ్బులాంటి పదార్థం వేసి లేపుతారు. 1900ల మొదట్లో అక్కడున్న ఖైదీలు బట్టలు ఉతుక్కుంటుంటే సబ్బు తగిలి నీళ్ళు ఎగజిమ్మాయట, అలా తెలిసింది. ఆక్లండ్ నుంచి ఆ టైముకి చేరాలంటే ఆరులోపే బయల్దేరాలి, పెద్దవాళ్ళని చీకట్నే లేపి అంత హడావుడి అవసరం లేదు. వయోటాపులో అసలు చూడాల్సింది షాంపేన్ పూల్. 65 మీటర్ల వెడల్పు, దాదాపు అంతే లోతు, నీళ్ళు డెబ్బై డిగ్రీలు దాటిన వేడి, చుట్టూ నారింజ రంగు అంచు. ఆ రంగు ఆర్సెనిక్, యాంటిమనీల వల్ల వచ్చింది. చూడ్డానికి కుంకుమపువ్వు రంగులో ముచ్చటగా ఉంటుంది, చెయ్యి మాత్రం పెట్టకూడదు.

నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా మనసుకి పట్టే కథ బోర్లది. బోర్లంటే మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు, ఒకరింట్లో వేస్తే పక్కింటి బోరు ఎండిపోవడం మనందరం చూశాం. రొటోరువాలోనూ అదే జరిగింది. నేల కింద వేడినీళ్ళు ఊరికే ఉన్నాయి కదా అని ఇళ్ళవాళ్ళూ హోటళ్ళవాళ్ళూ వందల బోర్లు దింపి, చలికాలంలో గదులు వేడి చేసుకోవడానికీ స్నానాలకీ తోడేశారు. 1970ల చివరికి లోయలో గీజర్లు నీరసపడిపోయాయి. పాపాకురా అనే గీజర్ 1979లో పూర్తిగా ఆగిపోయింది. పోహుటు కూడా పోతుందేమోనని భయం పట్టుకుంది. 1986లో ప్రభుత్వం పోహుటు చుట్టూ ఒకటిన్నర కిలోమీటర్ల పరిధిలో ఉన్న బోర్లన్నీ మూసేయమంది. ఊళ్ళో చాలామందికి కోపం వచ్చింది, రాదా మరి, ఇంట్లో వేడి పోతుంది కదా. అయినా మూయించారు. నెమ్మదిగా కింద నీటిమట్టం లేచింది, గీజర్లు తేరుకున్నాయి, ఆ ఆగిపోయిన పాపాకురా 2015లో మళ్ళీ లేచింది. ముప్ఫై ఆరేళ్ళ తర్వాత! ఆ గీజర్ ముందు నిలబడి ఈ సంగతి మా మావయ్యగారికి చెప్తే ఆయన వెంటనే మా ఊళ్ళో బావుల గురించి ఎత్తుకున్నారు, ఇంక ఆపలేదు. అందరి కథా ఇలా బాగుపడలేదు, ఆ మాటా చెప్పాలి. వైరాకెయ్ దగ్గర 1958లో మొదలైన కరెంటు కేంద్రం కోసం ఆవిరి తోడితే ఆ లోయలో ఉన్న గీజర్లు పోయాయి, తిరిగి రాలేదు.

ఇక గైడ్ల దగ్గరికొద్దాం, నా మాటంతా వాళ్ళ గురించే. రొటోరువాలో గైడు పని టూరిస్టు కంపెనీలు కనిపెట్టింది కాదు. 1886కి ముందు తరవేరా కొండ దగ్గర గులాబీ రంగు మెట్లూ తెల్ల మెట్లూ ఉండేవి, వేడినీళ్ళలోని సిలికా పేరుకుని కట్టిన మెట్లు. వాటిని చూడ్డానికి ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చేవాళ్ళు. వాళ్ళని పడవలో తీసుకెళ్ళి చూపించింది ఈ నేల మూలవాసులైన మావోరీలే, వాళ్ళలో టూహౌరంగి తెగవాళ్ళు. ఆ తెగలో పేరున్న గైడు సోఫియా హినెరంగి. 1886 జూన్ 10 రాత్రి తరవేరా పేలింది. మెట్లు పోయాయి, పల్లెలు బూడిద కింద పూడిపోయాయి, సుమారు 120 మంది చనిపోయారు. ఆ రాత్రి సోఫియా ఇంట్లో తలదాచుకున్న అరవై మందికి పైగా బతికారు. ఊరు పోయిన ఆ జనానికి ఫాకరేవరేవలోని బంధువులు చోటిచ్చారు. సోఫియా అక్కడికి వచ్చి మళ్ళీ గైడుగానే పనిచేసింది. తర్వాతి తరంలో మాకెరెటి, 1901లో ఇంగ్లండు యువరాజు దంపతులకి ఆ లోయ చూపించిన గైడు, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో మానవశాస్త్రం చదివి తన జనం గురించి తనే రాసింది. ఇవాళ మీ ముందు నడుస్తూ "ఇటు రండి" అని పిలిచే అమ్మాయి ఆ కుటుంబాల పిల్లే కావచ్చు. ఎక్కడ నేల గట్టిదో, ఎక్కడ పైకి గట్టిగా కనిపిస్తూ కింద మరుగుతున్న నీళ్ళున్నాయో ఆమెకి నడక నేర్చిన నాటి నుంచి తెలుసు.

గైడెందుకు, హెచ్చరిక బోర్డులు చాలు కదా అని మీకనిపించవచ్చు. దగ్గర్లోనే వైమంగు అని ఉంది. 1900 నుంచి 1904 దాకా అక్కడ ప్రపంచంలో తెలిసినవాటిల్లోకెల్లా పెద్ద గీజర్ లేచేది, వందల మీటర్ల ఎత్తు. 1903 ఆగస్టులో అంచుకి మరీ దగ్గరగా నిలబడిన నలుగురిని అది ఒక్కసారిగా లాక్కుపోయింది. వెనక్కి రమ్మని చెప్తున్నా వాళ్ళు రాలేదు. ఆ నలుగురిలో జో వార్‌బ్రిక్ కూడా ఉన్నాడు, 1888లో విదేశాలకి వెళ్ళిన రగ్బీ జట్టు కెప్టెన్. నేను చెప్పిన ఆ కుయిరావు పార్కులోనే 2001 జనవరిలో నేల పేలి బురదా రాళ్ళూ పైకి ఎగిరాయి. అక్కడి కంచెలు ఊరికే కట్టలేదు.

అలాగని గైడు ఉంటే ఏమీ కాదని నేను చెప్పను, చెప్తే అబద్ధం. 2019 డిసెంబరు 9న ఫకారి దీవి, అదే వైట్ ఐలాండ్, పేలినప్పుడు దాని మీద 47 మంది ఉన్నారు, గైడ్లతో వెళ్ళినవాళ్ళే. 22 మంది పోయారు, వాళ్ళలో గైడ్లూ ఉన్నారు. అది నోరు తెరుచుకున్న అగ్నిపర్వతం. దాని మీదికెక్కడం వేరు, రొటోరువా లోయలో చెక్కబాట మీద నడవడం వేరు. టూరు అమ్మేవాళ్ళు రెండిటికీ ఒకే మాటలు వాడతారు, మీరు ఒకే కళ్ళతో చూడకండి.

ఫాకరేవరేవ లోయలో ఒక చిక్కుంది. మధ్యలో కంచె వేసి రెండు చోట్లుగా చేశారు, టికెట్లు వేరు. పోహుటు ఉన్నది టె పుయా వైపు, అక్కడే మావోరీ చెక్కడాలూ నేతా నేర్పే సంస్థ ఉంది. రెండోది ఫాకరేవరేవ పల్లె, అందులో ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు, గీజర్ అక్కడి నుంచి కొంచెం దూరంగా కనిపిస్తుంది. పెద్దవాళ్ళకి నేనైతే పల్లెనే చూపిస్తాను. గుడ్డ సంచుల్లో మొక్కజొన్న పొత్తులు మరిగే మడుగులోకి దించి ఉడికిస్తారు, ఆవిరి పెట్టెల్లో వంట చేస్తారు, బురద గుంటలు రాగి సంకటిలా బుడబుడమంటూ ఉడుకుతుంటాయి. సమాధులు నేల పైనే కట్టి ఉంటాయి, తవ్వితే వేడి కాబట్టి. శాకాహారులకి పొత్తులు చక్కగా సరిపోతాయి. హాంగీ భోజనం, అంటే మావోరీల పద్ధతిలో నేల వేడికి ఉడికించిన భోజనం, కావాలంటే అందులో మాంసం ఉంటుంది కనుక శాకాహారమని బుక్ చేసేటప్పుడే చెప్పాలి. అవి మనుషులు బతికే ఇళ్ళు, గుమ్మాల్లోకి తొంగి చూడొద్దు, ఏ మడుగులోనూ ఏదీ వేయొద్దు, మనకి నీళ్ళు కనిపిస్తే రూపాయి బిళ్ళ వేసే అలవాటుంది చూడండి, అది కూడా.

బుక్ చేసేముందు ఫోనులో అడగాల్సినవి: లోయ లోపల నడవడానికి ఎన్ని గంటలిస్తారు, ప్రవేశ టికెట్ డబ్బులు కలిసే ఉన్నాయా, లోపల నడిపించేది బస్సు డ్రైవరా లేక అక్కడి గైడా. చక్రాల కుర్చీ కావాలంటే అదీ అప్పుడే చెప్పండి. చెప్పులు కాదు, బూట్లు వేయించండి. వేడినీళ్ళ కొలనులో దిగితే తల ముంచొద్దు, ముక్కులోకి నీళ్ళు పోనివ్వొద్దు. అరుదుగానే అయినా ఆ నీళ్ళలోని అమీబా మెదడుకి ఎక్కితే ప్రాణాంతకం, అక్కడ బోర్డుల మీదా అదే రాసి ఉంటుంది. పిల్లల చెయ్యి పట్టుకోవడం తాతగారికి అప్పజెప్పకండి, ఆయన ఫోటోల్లో ఉంటారు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, మొదట, వెనక వరసలో చెయ్యెత్తిన ఆ పిన్నిగారు.