వంద కథలు, ఒకటే ఊరు

(దృశ్యం: విజయవాడ లెనిన్ సెంటర్, పాత పుస్తకాల దుకాణం)

నమస్కారమండీ. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ నాకు ఇక్కడే దొరికింది. ఆ ఆదివారం ఆత్రంగా కూర్చుని సాయంత్రానికి నలభై కథలు లాగించేశాను. సున్నుండలు ఒక్క పూటలో పదిహేను తిన్నట్టయింది. రాత్రికి ఏ కథ ఎక్కడ మొదలైందో, ఏది ఎక్కడ ముగిసిందో గుర్తు లేదు.

తప్పు నాదే. ఈ వంద కథలూ 1975–77 మధ్య ఆంధ్రజ్యోతి వారపత్రికలో, బాపు బొమ్మలతో వచ్చాయి. అప్పటి పాఠకుడికి మళ్లీ వారం దాకా ఇంకో కథ లేదు. చదివింది నెమరేసుకోవడానికి ఏడు రోజులు. మనం వారం ఆగక్కర్లేదు గానీ, రోజుకి ఒకటి దాటొద్దు.

(దృశ్యం: పుస్తకం తెరిచి, మొదటి కథ)

మొదటి కథ ‘వరద’. కృష్ణ పొంగి ఊరు మునుగుతుంది. ఆకలి ముందు కులం పట్టింపులు కొట్టుకుపోతాయి. నీళ్లు తీశాక? అవన్నీ మళ్లీ ఎక్కడివక్కడికి వచ్చేస్తాయి. విడిగా చదివితే ఇది కులం మీద ఒక మంచి కథ, అంతే. ఓ యాభై కథలయ్యాక వెనక్కి వచ్చి మళ్లీ చదవండి. ఈలోపు ఆ రేవూ, గుడీ, మనుషులూ మనకి తెలిసినవాళ్లయిపోతారు. మునిగింది ఏదో ఊరు కాదు, మన చుట్టాల ఊరు. ఒకే రచయిత కథల్ని ఒకచోట చదవడంలో అసలు లాభం ఇదే: ఒక కథ ఇంకో కథకి అప్పిస్తుంది.

ఇంకో మాట. సత్యం విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు. చెవికి ఇంపుగా రాయడం అలవాటైన మనిషి వాక్యాలని నాకనిపిస్తుంది. పైకి చదివితే ఎక్కడ ఆగాలో వాక్యమే చెబుతుంది.

అన్నీ గొప్ప కథలేం కాదు. కొన్నింట్లో తీపి మోతాదు మించింది. మొహమాటం లేకుండా పేజీ తిప్పేయండి.

శ్యామ్ బెనెగల్ వీటిని హిందీలో సీరియల్‌గా తీశారు. అది మాత్రం చదివాకే చూడండి. ముందే చూస్తే ఆ నటుల మొహాలే మనసులో ఉండిపోతాయి.

(దృశ్యం: అమరావతి, కృష్ణ ఒడ్డు)

గుంటూరు నుంచి బస్సుంది. పుస్తకం సంచిలో వేసుకుని రండి. అమరేశ్వరుడి దర్శనమయ్యాక ఏటి ఒడ్డున కూర్చుని ఒక కథ, పైకే చదవండి. రెండోది వద్దు.