చిట్కా అడగకండి, పేరు అడగండి

అందరికీ నమస్కారం.

1944లో జర్మనీలో యూలియస్ షెఫర్ అనే పుట్టగొడుగుల శాస్త్రవేత్త చనిపోయారు. పుట్టగొడుగు కూర తినే చనిపోయారు. తెలియక తిన్నారా అంటే అదీ కాదు. ఆయన తిన్నది పాక్సిల్లస్ అనే రకం. బాగా ఉడికిస్తే అది మంచిదేనని ఆ కాలంలో చాలామంది నమ్మేవారు. భోజనమైన గంటకు వాంతులు, విరేచనాలు, జ్వరం. మర్నాడు ఆసుపత్రి. కిడ్నీలు దెబ్బతిని 17 రోజులకు ప్రాణం పోయింది. దాన్ని తింటూ ఉంటే కొందరి ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయనీ, ఏదో ఒక పూట అవి మన ఎర్ర రక్తకణాలనే పగలగొడతాయనీ తర్వాత తేలింది. అంటే, పదిసార్లు తిన్నా ఏమీ కాలేదు అన్న మాటకు ఇక్కడ విలువ లేదు.

ఇంత చదువుకున్న మనిషి గతే అది. అయినా నేను ఎక్కడ మాట్లాడినా వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: విషపు పుట్టగొడుగును పట్టేసే చిట్కా ఏదైనా ఉందా? లేదు. వెండి చెంచా వేస్తే నల్లబడుతుందంటారు. కోడిగుడ్డు తగిలినా వెండి నల్లబడుతుంది, గుడ్డు తినడం మానేశామా? వెల్లుల్లి రంగు మారుతుందంటారు, అదీ ఉత్తదే. పురుగులు, నత్తలు కొరికితే మంచిదంటారు. మనల్ని చంపేదాన్ని నత్తలు హాయిగా తింటాయి. మొద్దుల మీద మొలిచినవి ఫర్వాలేదంటారు. గలెరినా అనే చిన్న గోధుమరంగు పుట్టగొడుగు మొలిచేది కుళ్లిన కలప మీదే, అందులో ఉన్నది అతి ప్రమాదకరమైన విషం. మెరిసే రంగులుంటేనే విషం అనేది అన్నిటికన్నా చెడ్డ నమ్మకం. ఎందుకో చెబుతాను.

ప్రపంచంలో పుట్టగొడుగుల వల్ల జరిగే మరణాల్లో ఎక్కువ భాగం ఒకే ఒక్క రకం వల్ల. దాని పేరు డెత్ క్యాప్. చూడటానికి సాధువులా ఉంటుంది. లేత ఆకుపచ్చ లేదా పసుపు కలిసిన గొడుగు, కొన్నిసార్లు దాదాపు తెలుపే. గొడుగు కింద పలచటి రేకుల్లాంటి తెల్లటి మొప్పలు, కాడ చుట్టూ పలచటి ఉంగరం, అడుగున చిరిగిన గుడ్డు పెంకులాంటి సంచి. ఈ సంచి చాలాసార్లు మట్టిలోనే ఉండిపోతుంది. పైన కాడ పుటుక్కున తుంచుకొస్తే అసలు గుర్తు నేలలోనే మిగిలిపోయినట్టు. ఇక మొగ్గగా ఉన్నప్పుడు అచ్చం వరిగడ్డి పుట్టగొడుగు మొగ్గలాగే ఉంటుంది. వేరే దేశానికి వెళ్లినవాళ్లు తమ ఊళ్లో తిన్నదే కదా అని కోసుకుని మోసపోయింది ఇక్కడే. దీన్ని తిని బతికినవాళ్లు రుచి బాగుందనే చెప్పారు! వండినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా విషం తగ్గదు. పెద్దవాళ్లకైనా సగం పుట్టగొడుగు చాలు.

దీని అసలు మోసం గడియారంలో ఉంది. తిన్నాక 6 నుంచి 12 గంటల వరకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ అనిపించదు. రాత్రి తిన్నవాళ్లు మామూలుగానే నిద్రపోతారు. తర్వాత నీళ్లలా విరేచనాలు, వాంతులు, కడుపునొప్పి. ఒక రోజు అలా నడిచి, ఆ తర్వాత తగ్గినట్టుంటుంది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. నాకు టెన్షన్ పుట్టేది సరిగ్గా ఈ దశ గురించే. ఎందుకంటే ఆ సమయంలో లోపల కాలేయం చచ్చిపోతూ ఉంటుంది. కణం ప్రొటీన్లు తయారు చేసుకోవాలంటే ముందు డీఎన్ఏ నుంచి నకలు తీసుకోవాలి. అమటాక్సిన్ అనే ఈ విషం ఆ నకలు తీసే యంత్రాన్నే ఆపేస్తుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో కళ్లు పచ్చబడతాయి. అప్పటికి కొందరికి కాలేయ మార్పిడి తప్ప దారి ఉండదు.

కార్టినేరియస్ జాతిలో కొన్నింటిది ఇంకా పెద్ద ఆలస్యం. 1952లో పోలండ్‌లో 102 మంది వాటివల్ల జబ్బుపడ్డారు, 11 మంది చనిపోయారు. కిడ్నీలు దెబ్బతిన్నట్టు తెలిసేసరికి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు గడిచిపోతాయి. అంతకుముందెప్పుడో తిన్న కూర ఎవరికి గుర్తుంటుంది?

మరి గుర్తుపట్టడం ఎలా? విషం ఉందా అని కాదు, ఇది ఫలానా రకమేనా అని అడగాలి. మొప్పలు, ఉంగరం, సంచి, వాసన, ఎక్కడ మొలిచింది, విత్తనాల్లా రాలే పొడి, అంటే సిద్ధబీజాల రంగు, ఇవన్నీ కలిస్తేనే పేరు. కాడ కోసేసి గొడుగును కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా ఉంచండి. ఆ పొడి రాలి కాగితం మీద అచ్చు పడుతుంది. డెత్ క్యాప్‌కి తెల్లటి అచ్చు పడుతుంది, వరిగడ్డి రకానికి గులాబీ ఛాయ ఉన్న గోధుమరంగు. సగం తెలుపు, సగం నలుపు కాగితమైతే తెల్లటి అచ్చు కూడా కనిపిస్తుంది. అచ్చు చూసి మాత్రం ఎవరూ వంట మొదలుపెట్టకండి, అది ఒక గుర్తు మాత్రమే. ఫోన్‌లో ఫొటో తీసి యాప్ చెప్పిన పేరును నమ్మడం అంతకన్నా తొందరపాటు. ఫొటోలో సంచి పడదు, వాసన పడదు.

ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే, లక్షణాల కోసం ఎదురుచూడకండి. వెంటనే ఆసుపత్రికి. అదే కూర తిన్న అందర్నీ తీసుకెళ్లండి, బాగున్నామన్న వాళ్లని కూడా. ఇంట్లో బలవంతంగా వాంతి చేయించకండి. మిగిలిన పుట్టగొడుగులు, వండినవైనా సరే, చెత్తబుట్టలోంచైనా ఏరి కాగితపు సంచిలో పట్టుకెళ్లండి. ప్లాస్టిక్‌లో అయితే కుళ్లిపోతాయి. ఎన్నింటికి తిన్నారు, మొదటి వాంతి ఎన్నింటికి, ఈ రెండు సమయాలూ రాసుకోండి. ఆరు గంటలు దాటాక మొదలైతే డాక్టర్లు ముందు కాలేయం గురించే ఆలోచిస్తారు. అలాగని గంటలోనే వాంతులైతే గండం తప్పినట్టు కాదు, షెఫర్ గారికి గంటలోనే మొదలయ్యాయి. డెత్ క్యాప్ విషం కాలేయం నుంచి పైత్యరసంతో మళ్లీ పేగులోకి వస్తూ ఉంటుంది. అందుకే డాక్టర్లు విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి, అంటే యాక్టివేటెడ్ చార్‌కోల్ పదేపదే ఇస్తారు, సెలైన్ ఎక్కిస్తారు, సిలిబినిన్ లాంటి మందులు వాడతారు. ఖచ్చితమైన విరుగుడు లేదు కాబట్టి ముందు చేరిన గంటలే మందు.

ఈ బల్ల మీద ఉన్నది పచ్చిక మైదానాల్లో మొలిచే క్లోరోఫిల్లమ్. నిన్న రాత్రి బోర్లిస్తే కాగితం మీద ఈ ఆకుపచ్చ అచ్చు పడింది. తింటే వాంతులు ఖాయం, ముట్టుకుంటే ఏమీ కాదు. దగ్గరికి వచ్చి తిప్పి చూడండి, తర్వాత చేతులు కడుక్కోండి.